ఇరుకు కోళ్ల గూట్లో గాలి ఆడేలా, చోటు మిగిలేలా ఎలా చేయాలి?

గూడు పెద్దది కట్టాలని టెన్షన్ పడేముందు, ఉన్నది ఎలా ఉందో చూడండి. చాలాసార్లు రంపం, మెష్, ఒక పూట ఓపిక ఉంటే చాలు.

1. పొద్దున్నే వాసన చూడండి

తలుపు తీసిన వెంటనే కోడి ఎత్తుకు వంగి గాలి పీల్చండి. నిలబడి పీలిస్తే సరిగా తెలియదు. కళ్లు మండినా, ముక్కు ఘాటెక్కినా అది తడిసిన రెట్టలోంచి వచ్చే అమోనియా. కోళ్లు ఉండేచోట అది 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు, దాటకూడదు. మనకు నిమిషం మంటే, కోడికి మాత్రం రాత్రంతా. దాని కళ్లు, శ్వాసనాళం పాడవుతాయి. పైకప్పు లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే లోపలి ఆవిరి బయటికి పోవడం లేదన్నమాట.

2. పైన దారి తెరవండి

అసలు పని ఇదే. వేడిగాలి, ఆవిరి పైకే పోతాయి కాబట్టి కిటికీ ఎంత పెద్దదైనా, కప్పు కింద దారి లేకపోతే లాభం తక్కువ. కోడికి ఒక చదరపు అడుగు చొప్పున తెరిచి ఉంచాలన్నది చాలామంది పాటించే లెక్క. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉన్న గూడు తీసుకుందాం. పొడవైన రెండు గోడల్లోనూ కప్పుకు ఆనుకుని 6 అంగుళాల ఎత్తున పట్టీ కోసేస్తే 6 చదరపు అడుగులు వస్తుంది, ఆరు కోళ్లకు సరిపోతుంది. ఎదురెదురుగా కోయడం వల్ల గాలి ఒకవైపు వచ్చి రెండోవైపు పోతుంది. కప్పు అంచును అడుగు మేర బయటికి పొడిగిస్తే జల్లు లోపల పడదు.

కోసినచోట అర అంగుళం కన్నుల గట్టి వెల్డెడ్ మెష్ కొట్టండి. కోళ్ల వల అని అమ్మే పల్చటి జాలీ కోడిని లోపల ఆపుతుందే గానీ ఎలుకనూ పామునూ బయట ఆపదు.

చలి వేస్తుందని ఈ సందులు మూసేయాలనిపిస్తుంది. నేనూ ఒక చలికాలం గోనెసంచులు కుక్కాను. తెల్లారేసరికి కప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి, కింద పొట్టు ముద్దైపోయింది. ఈకలు పొడిగా ఉంటే కోడి చలిని బాగానే తట్టుకుంటుంది. దాన్ని ఇబ్బంది పెట్టేది తడి, ఒంటికి నేరుగా కొట్టే గాలి. అందుకే సందులు పడుకున్న కోడి తలకన్నా అడుగైనా పైన ఉండాలి. పల్చటి కాగితం పీలికను కోళ్లు పడుకునే కర్ర దగ్గర పట్టుకోండి. రెపరెపలాడితే అటువైపు చిన్న పలక అడ్డం పెట్టండి, సందు మాత్రం మూయొద్దు.

ఎండలప్పుడు ఇదీ చాలదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగరొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలి కదలని ఉక్కలో ఎంత ఎగరొప్పినా ఫలితం ఉండదు. వేడి ప్రాంతమైతే ఒక గోడ మొత్తం మెష్‌గా మార్చేయండి, కప్పు మీద నీడ పడేలా చూడండి.

3. నేల ఖాళీ చేయండి

కోళ్లు పగలు బయట తిరిగేట్టయితే గూట్లో ఒక్కోదానికి 4 చదరపు అడుగులు, బయటి ఆవరణలో 8 నుంచి 10 ఉండాలి. ఇరుకైతే ఈకలు పీక్కోవడం మొదలవుతుంది. లెక్కకు మించి కోళ్లుంటే తగ్గించుకోవడమే మార్గం, మెష్‌తో తీరేది కాదు.

దాణా తొట్టిని వేలాడదీయండి. నీళ్ల గిన్నెను పగలు బయటే పెట్టండి, లోపల తడికి అదీ ఒక కారణం. గుడ్ల పెట్టె నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు. దాన్ని గోడకు బయటివైపు బిగిస్తే నేల మిగులుతుంది, గుడ్లు తీయడానికి లోపలికి దూరక్కర్లేదు.

4. పడుకునే కర్ర సరిచేయండి

కోడికి 10 అంగుళాల చొప్పున ఆరింటికి 5 అడుగుల కర్ర కావాలి. గోడకు అడుగు దూరంలో బిగించండి. రెండో కర్ర వేస్తే అదే ఎత్తులో వేయండి, లేదంటే పై కర్ర కోసం రోజూ కొట్లాటే. కింద ఒక పలక పెట్టి, రాత్రి పడిన రెట్టను పొద్దున్నే గీకేస్తే ఘాటు చాలావరకు తగ్గుతుంది.

నేల మీద ఊక గానీ రంపపు పొట్టు గానీ 3, 4 అంగుళాల మందాన పరవండి. గుప్పెడు తీసి పిసికితే ముద్దలా నిలిచిందా, మార్చేయండి.

వారం తర్వాత చీకటి పడ్డాక టార్చి వేసి చూడండి. ఏదైనా కోడి గుడ్ల పెట్టెలో పడుకుంటోందంటే కర్ర మీద చోటు చాలడం లేదు, లేదా పెట్టె కర్రకన్నా ఎత్తులో ఉంది. కర్ర పొడిగించండి, లేదా పెట్టెను కిందికి దించండి.