ఉల్కాపాతాన్ని ఎలా చూడాలి?

"గంటకు 120 ఉల్కలు" అని ఎక్కడో చదివి, మేడెక్కి, పావుగంటలో ఒక్కటీ కనబడక విసుక్కుంటూ కిందికి దిగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ లెక్క అబద్ధం కాదు. కాకపోతే ఆకాశం చిమ్మచీకటిగా ఉండి, ఉల్కలు వస్తున్నట్టు కనిపించే చోటు సరిగ్గా నడినెత్తిన ఉంటే ఎన్ని కనిపిస్తాయో చెప్పే లెక్క అది. మనకి అందులో కొన్నే దక్కుతాయి.

ముందు తేదీ చూసుకోండి. ఏటా ఆగస్టు 12, 13 ప్రాంతంలో పర్సీడ్స్, డిసెంబర్ 13, 14 ప్రాంతంలో జెమినిడ్స్ అనే ఉల్కాపాతాలు జోరుగా ఉంటాయి. మొదటివి స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క వదిలిన ధూళి, రెండోవి 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలానివి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు జెమినిడ్స్‌కే, అవి కాస్త నిదానంగా పోతాయి. తేదీ కుదిరినా ఆ రాత్రి నిండు వెన్నెల ఉంటే మాత్రం సన్నగా మెరిసేవన్నీ పోయినట్టే, అమావాస్యకు దగ్గరగా వస్తే పండగే.

టైమ్ అర్ధరాత్రి దాటాక. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, తెల్లవారే వైపు అందులో ముందుంటుంది. వానలో బైక్ మీద వెళ్తే వీపు కన్నా ఛాతీ ముందు తడుస్తుంది కదా, ఇదీ అంతే. జెమినిడ్స్‌కి అంతసేపు ఆగక్కర్లేదు, రాత్రి పదింటికే మొదలుపెట్టొచ్చు.

వీధి దీపాలు కనబడని చోట చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. టెలిస్కోప్, బైనాక్యులర్స్ వద్దు, వాటిలో కనిపించేది ఆకాశంలో చిన్న ముక్కే. కూర్చుని మెడ ఎత్తి చూస్తే పది నిమిషాలకే పట్టేస్తుంది, నమ్మండి.

అసలు కష్టం ఇక్కడే. చీకటికి కళ్లు అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరో ఒకరు "ఒక్క మెసేజ్ చూసి పెట్టేస్తా" అని ఫోన్ తీస్తారు, అందరి కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి. టార్చ్ తప్పదనుకుంటే దాని మూతికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు పొరలు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి.

ఒకే చుక్కని గుచ్చి గుచ్చి చూడకండి, చూపు వదులుగా ఉంచండి. కంటి చివర ఎవరో సుద్దముక్కతో సర్రున గీసినట్టు అనిపిస్తుంది, తల తిప్పేలోపు అయిపోతుంది. మిణుకుమిణుకుమంటూ పోయేది విమానం, వెలుగు మారకుండా తీరిగ్గా సాగిపోయేది ఉపగ్రహం. ఉల్క చాలావరకు ఒక్క సెకను ముచ్చటే.

కనిపించాక ఆ గీతని మనసులోనే వెనక్కి పొడిగించండి. డిసెంబర్‌లో అది పునర్వసు జంట చుక్కల దగ్గరికి చేరితే మీరు చూసింది జెమినిడే. ఇంకెటో పోతే, దారి తప్పి వచ్చిన ఏదో ఒంటరి ఉల్క, దాన్నీ లెక్కలో వేసుకోండి.