ఇంటర్న్‌షిప్ రెజ్యూమేకి సీనియర్ ఫైల్ వద్దు, ఖాళీ పేజీ తీయండి

మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఏ కాలేజీ తీసుకున్నా ఇంటర్న్‌షిప్‌ల టైమ్ రాగానే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక వర్డ్ ఫైల్ తిరుగుతుంది. ఎవరో సీనియర్‌ది. దాంట్లో పేరూ రోల్ నంబరూ మార్చి అందరూ అదే పంపిస్తారు, అవతల హెచ్‌ఆర్‌లో కూర్చున్నావిడ మాత్రం అదే కెరీర్ ఆబ్జెక్టివ్, అదే 'హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్' ఎన్నిసార్లని చదువుతుంది చెప్పండి. కాబట్టి ఆ ఫైల్ జోలికి వెళ్లకండి. గూగుల్ డాక్స్‌లో ఖాళీ పేజీ తీయండి, స్టూడెంట్‌కి ఒక్క పేజీ చాలు.

తండ్రి పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరు, పాస్‌పోర్ట్ ఫోటో, కింద సంతకంతో డిక్లరేషన్ ఇవేవీ అక్కర్లేదు. అది పెళ్లిళ్ల పేరయ్యకిచ్చే బయోడేటా. పైన పేరు, ఫోన్, మెయిల్, ఊరు, ఉంటే లింక్డిన్, గిట్‌హబ్ (మీరు రాసిన కోడ్ పెట్టుకునే సైట్) లింకులు, అంతే. ఇంటిపేరు పొడి అక్షరంతో వదిలేయకుండా పూర్తిగా రాయండి, ఎందుకంటే ఒక్క సెక్షన్‌లోనే ముగ్గురు వెంకట సాయిలు ఉంటారు మనకి. ఇంటర్‌లో ఫేవరెట్ హీరో పేరుతో పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటే దాన్ని సినిమా టికెట్లకి వాడుకోండి, దీనికి కొత్తది తెరవండి.

అసలు పని ప్రాజెక్టుల దగ్గర ఉంది. చాలామంది టైటిల్ రాసి, పక్కన పైథాన్, మెషిన్ లెర్నింగ్ అని పెట్టి వదిలేస్తారు. 'గుంటూరు మిర్చి ధరల అంచనా' అని ఉంటే చదివేవాళ్లకి ఏం తెలుస్తుంది? అదే ఇలా రాస్తే చూడండి: "కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ అగ్‌మార్క్‌నెట్ నుంచి గుంటూరు యార్డు ఎండుమిర్చి రోజువారీ ధరలు తీసుకుని పైథాన్‌లో సరిచేశాను, వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పటి ఖాళీలను వేరుగా గుర్తించాను, రకాలవారీగా నెల సగటులకి గ్రాఫులు వేశాను. నలుగురి టీమ్‌లో డేటా పని నాది." ఆ సెలవుల ముక్క డేటాలో నిజంగా చెయ్యి పెట్టినవాళ్లకి తప్ప తట్టదు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న కూడా అక్కడినుంచే వస్తుంది, అది మీకు తెలిసిన జవాబే. ఏం చేశారు, దేనిమీద చేశారు, ఏం వచ్చింది, అందులో మీ వాటా ఎంత అన్న నాలుగూ ఉండాలి. డబ్బులిచ్చి సెంటర్లో కొన్న ప్రాజెక్టు మాత్రం పెట్టకండి, 'ఈ ఫంక్షన్ ఎందుకు రాశావు' అన్న ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. చిన్నదైనా సొంతంగా చేసినదే నయం.

ఇంగ్లీషులో రాయాలి కదా, అక్కడే ఆగిపోతున్నాం అంటారా? ముందు మీ రూమ్మేట్‌కి తెలుగులో ప్రాజెక్టు మొత్తం చెప్పండి, ఫోన్‌లో రికార్డు పెట్టుకుని. తర్వాత అది విని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా దించండి. ఏఐతో రాయించుకుంటే గ్రామర్ బాగుంటుంది గానీ మీరు చేయని పనులు కూడా వచ్చి చేరతాయి, లైను లైనూ చూసుకోండి.

ప్రాజెక్టులే లేవంటారా, అయినా చేసిన పని ఏదో ఒకటి ఉంటుంది. బీకామ్ చదువుతూ బీసెంట్ రోడ్డులో బాబాయి బట్టల షాపుకి ట్యాలీలో జీఎస్‌టీ బిల్లులు ఎక్కించారా, మెకానికల్ చదువుతూ సెలవుల్లో ఆటోనగర్ షెడ్డులో లేత్ మీద పని నేర్చుకున్నారా, కాలేజీ ఫెస్ట్‌కి వసూళ్ల లెక్కలు చూశారా, అవన్నీ పనులే. జీతం రాలేదని, చెప్పుకోడానికి మొహమాటమని వదిలేస్తారు, నాకైతే ఉత్తుత్తి వెబినార్ సర్టిఫికెట్ల కన్నా అదే గట్టిగా కనిపిస్తుంది. ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సు చేసి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాసి ఉంటే మాత్రం మార్కుతో సహా రాయండి, దానికి విలువుంది.

స్కిల్స్‌లో పేపరూ పెన్నూ ఇచ్చి అడిగితే రాసి చూపించగలిగినవే ఉంచండి. సబ్జెక్టులో జావా పాసయినంత మాత్రాన జావా వచ్చినట్టు కాదు. సీజీపీఏ బాగుంటే పైన, ఓ మాదిరిగా ఉంటే చదువు వివరాల్లో కింద. బ్యాక్‌లాగ్, అంటే తప్పిన సబ్జెక్టు, ఉంటే రెజ్యూమేలో రాయక్కర్లేదు, అడిగితే మాత్రం దాచకండి, ఎలాగూ మెమోలో బయటపడుతుంది.

రెండు కాలమ్‌లు, రంగులు, స్కిల్స్ పక్కన నక్షత్రాలు ఉండే టెంప్లేట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, రెజ్యూమేలు వడపోసే సాఫ్ట్‌వేర్లు కొన్ని వాటిని తికమకగా చదువుతాయి. పైగా పైథాన్‌కి నాలుగు నక్షత్రాలంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? ఒకే కాలమ్, నల్ల అక్షరాలు, 11 సైజు. పీడీఎఫ్ చేసి ఫైల్‌కి మీ పేరు పెట్టండి, 'ఫైనల్ న్యూ 2' అని కాదు.

మెయిల్‌లో నాలుగు లైన్లు చాలు: మీరెవరు, ఏ పనికి అడుగుతున్నారు, మీ రెజ్యూమేలో ఆ పనికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టు ఏది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు. ఈ తేదీలు అందరూ మర్చిపోతారు. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడైపోతాయో, కాలేజీ ఎన్ని వారాలు అడుగుతోందో ముందే కనుక్కుని రాయండి, విజయవాడలో ఆఫీసైతే రోజూ వచ్చి వెళ్లగలనని కూడా ఒక ముక్క చేర్చండి. పంపేముందు పీడీఎఫ్‌ని వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి లింకులు నొక్కి చూడండి, గిట్‌హబ్ ప్రైవేట్‌లో ఉండిపోతే మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది, వాళ్లకి తెరుచుకోదు.