ఆకు చదవడం – నాలుగో పాఠం: కొరికిన గాయం, పీల్చిన గాయం

పోయినసారి బొప్పాయి ఆకు కాడ గిల్లి, పాలు ఎంతసేపటికి గడ్డకడతాయో చూడమన్నాను. చూసే ఉంటారు. ఆ పాలలో మాంసాన్ని మెత్తబరిచే పపైన్ ఉంటుందని, అది పురుగు పొట్టలోనూ అదే పని చేస్తుందని చెప్పుకున్నాం. ఆముదం ఆకు మేసే ఈరి పట్టుపురుగుకి బొప్పాయి ఆకు పెడితే చచ్చిపోతుంది. అదే ఆకుని సన్నగా తరిగి, పాలు పోయేదాకా కడిగి పెడితే తిని పెరుగుతుంది. అంటే ఆకులో విషం లేదు, కాపలా అంతా పాలదే.

మరి ఇంత పదునైన పాలు పెట్టుకుని కూడా బొప్పాయి పిండినల్లికి ఎందుకు లొంగిపోయింది? 2008లో కోయంబత్తూరు దగ్గర మొదట కనబడ్డ ఆ నల్లి, మెక్సికో వైపు నుంచి వచ్చింది, తోటల్ని పీల్చి పిప్పి చేసింది. ఇవాళ్టి పాఠం ఈ ప్రశ్న మీదే.

ముందు పెరట్లోని బొబ్బర పాదు దగ్గరికి వెళ్లండి. చేతిలో పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉండాలి. అంచులు తెగిపోయినా, మధ్యలో కన్నాలు పడినా ఆ ఆకుని నోటితో కొరికింది ఏదో ఉంది. ఇలాంటి గాయాన్ని మొక్క బాగా చదువుతుంది. బొబ్బరాకుని గొంగళి మేసినప్పుడు, ఆకులోని ఒక ప్రొటీను దాని పొట్టలో ముక్కలై, మళ్లీ దాని ఉమ్మితో గాయం మీదకే వస్తుంది. ఆ ముక్క తగలగానే మొక్క మేలుకుని రక్షణ రసాయనాలు తయారుచేసుకుంటుంది. ఈ సంగతి బయటపడింది కత్తెర పురుగు అనే గొంగళి మీదే. అది అమెరికా ఖండపు పురుగు, బొబ్బర ఆఫ్రికాది. పుట్టుకలో ఒకరికొకరు తెలియదు. అయినా గుర్తుపట్టింది, ఎందుకంటే బొబ్బర దొంగ మొహం చూడలేదు, దొంగ దగ్గరున్న తన సొత్తుని చూసింది. అందుకే కత్తెర పురుగు 2018లో మన దేశంలోకి వచ్చిందనగానే మొక్కలన్నీ నోరెళ్లబెట్టి నిలబడ్డాయని అనుకోకండి.

అదే పాదు మీద ఇంకోటి చూడండి. పూత కాడ మీద, పూలు రాలిన చోట, చిన్న బొడిపెల దగ్గర చీమలు తిరుగుతుంటాయి. అక్కడ మొక్క తీపి ఊరిస్తుంది. పూవులో కాదు, పూవు బయట. అది తేనెటీగల కోసం కాదు, చీమలకిచ్చే కూలి. కూలి తిన్న చీమ దారిలో కనబడ్డ గుడ్డునీ చిన్న పురుగునీ ఎత్తుకుపోతుంది.

అయితే చీమలు కనబడగానే మొక్కకి కాపలా దొరికిందని రాసుకోకండి. నేను మొదట్లో అలాగే రాసుకుని బోల్తా పడ్డాను. చీమలున్న చోట భూతద్దం పెట్టి చూడండి. నల్లగా ముద్దలు ముద్దలుగా పేనుబంక ఉందా? ఉంటే ఆ చీమలు దాని కొలువులో ఉన్నట్టు. పేనుబంక వదిలే తీపి తాగుతూ, దాన్ని తినొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తుంటాయి. చీమలు ఇటూ కూలికొస్తాయి, అటూ కూలికొస్తాయి. ఎవరి కూలి తింటున్నాయో చూడడమే ఇక్కడ మీరు నేర్చుకోవాల్సింది.

ఇక పీల్చే పురుగులు, మన పిండినల్లి లాంటివి. ఇవి ఆకుని కొరకవు. దారం కన్నా సన్నటి ముక్కుని కణాల సందుల్లోంచి దూర్చి, మొక్క తన ఆహారం నడిపించుకునే గొట్టానికి పెడతాయి. గాయం చిన్నది, నమిలిన ముక్కలేవీ లేవు. బొబ్బరకి తగిలిన ఆ ఆనవాలు ఇక్కడ దొరకదు. పైగా మొక్క లోపల రెండు రకాల హెచ్చరికలు నడుస్తుంటాయి. నమిలే పురుగు వస్తే జాస్మోనిక్ ఆమ్లం, తెగులు వస్తే సాలిసిలిక్ ఆమ్లం. మామూలుగా ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది. పత్తి తెల్లదోమ తెలివి చూడండి: తెగులు హెచ్చరిక మోగిస్తుంది, దాంతో పురుగు హెచ్చరిక మూగబోతుంది. మొక్క తప్పుడు గుమ్మానికి కాపలా కాస్తూ కూర్చుంటుంది.

ఇప్పుడు కొబ్బరి తోటలోకి పదండి. 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడ్డ రుగోస్ తెల్లదోమ కోనసీమ దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దాని ఊరు మధ్య అమెరికా. ఆకు అడుగున తెల్లటి మైనం చుట్టలు చుట్టలుగా ఉంటుంది. పైనుంచి కారిన తీపి జిగురు కింది మట్టల మీదా, అరటి, కోకో ఆకుల మీదా పడి, దాని మీద మసి పట్టి తోటంతా పొయ్యి మీది కుండలా నల్లబడుతుంది.

మాకు మొదటిసారి వచ్చినప్పుడు టెన్షన్ పడి, కొట్లో ఇచ్చిన మందు తెచ్చి అందినంత మేరా కొట్టించాను. కొన్నాళ్లు తగ్గినట్టే కనబడింది. తర్వాత ముందుకన్నా ఎక్కువైంది. మా పెదనాన్నగారు వచ్చి చూసి, “తెలుపు కనబడగానే కొట్టేశావు గానీ, ఆ తెలుపులో ఏముందో చూశావేంట్రా?” అన్నారు. చూడలేదు. దింపు తీసే అతను కోసి పడేసిన మట్టలోంచి ఒక ఆకు చీల్చి భూతద్దం పెట్టారు.

మీరూ అదే చెయ్యండి. కింది వరస మట్ట నుంచి ఒక ఆకు తీసుకుని, అడుగు వైపు మైనాన్ని మెత్తటి కుంచెతో తుడవండి. కోడిగుడ్డు ఆకారంలో చిన్న చిన్న ఖాళీ పెంకులు కనిపిస్తాయి. కొన్నిటి మీద ఇంగ్లిషు టీ అక్షరంలా చీలిక ఉంటుంది. అందులోంచి తెల్లదోమ బయటికొచ్చింది. కొన్నిటికి గుండ్రటి బెజ్జం ఉంటుంది, సూదితో పొడిచినంత శుభ్రంగా. అందులోంచి వచ్చింది తెల్లదోమ కాదు, దాన్ని లోపల్నుంచి తిని పెరిగిన ఎన్కార్సియా గ్వాడెలూపే అనే బుల్లి కందిరీగ. మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ దోమ కోసం దీన్ని విదేశం నుంచి తెప్పించాల్సిన పని పడలేదు. పిండినల్లికి మాత్రం 2010లో దాని కందిరీగని విదేశం నుంచి తెప్పించి వదలాల్సి వచ్చింది, అప్పుడు గాని బొప్పాయి కోలుకోలేదు. నా లెక్కలో పరాయి పురుగు బలమంతా ఇక్కడే ఉంది. మొక్క చేతగానిదై కాదు, ఆ పురుగు తన శత్రువుల్ని ఊళ్లో వదిలేసి వస్తుంది. నేను కొట్టించిన మందు ఇక్కడ దొరికిన ఆ ఒక్క శత్రువునీ చంపింది.

అభ్యాసం: మూడు చెట్ల నుంచి ఒక్కో ఆకు, ఆకుకి యాభై పెంకుల చొప్పున లెక్కపెట్టి, చీలికలెన్నో బెజ్జాలెన్నో తేదీ వేసి రాయండి. పదిహేను రోజులాగి మళ్లీ అవే చెట్లు. సగానికి సగం బెజ్జాలే అయితే నేనైతే మందు జోలికి పోను. బెజ్జాలు బొత్తిగా లేకపోతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లని అడగండి.

లెక్కపెట్టిన ఆకుల్ని మాత్రం పొయ్యిలో పెట్టకండి. ఇంకా తెరుచుకోని పెంకుల్లో కందిరీగలు ఉండొచ్చు, ఆ చెట్టు మొదట్లోనే వదిలేసి రండి.