కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

పొద్దున్నే సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడొస్తుంది, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి, బండి మాత్రం లేవదు. పక్కింటివాళ్ల కారు తెచ్చి, జంపర్ కేబుళ్లు తగిలించి ఎలాగో స్టార్ట్ చేస్తాం. రెండు రోజులకు మళ్లీ అదే కథ. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, బానెట్ ఎత్తకముందే "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది ఏసేద్దాం" అంటాడు. వేలకు వేలు పెట్టి కొత్తది వేయిస్తాం. చాలాసార్లు అక్కడితో బాధ తీరిపోతుంది. కొన్నిసార్లు మాత్రం ఆ కొత్త బ్యాటరీ కూడా నెల తిరక్కుండానే పడకేస్తుంది.

ఎందుకంటే బ్యాటరీ దిగిపోవడానికి కారణం ప్రతిసారీ బ్యాటరీయే కాదు. దానికే ఛార్జింగ్ నిలవకపోవచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు దానికి సరిగ్గా ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. లేదా బండి నిలబెట్టినప్పుడు ఏదో ఒకటి లోలోపల కరెంటు తాగుతుండవచ్చు. ఈ మూడింట్లో ఏదో ముందు తేల్చుకోవాలి. అందుకు ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్, పదో నంబర్ స్పానర్, గుప్పెడు వంట సోడా, ఒక పాత టూత్‌బ్రష్ ఉంటే చాలు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం అసలు పోవద్దు. ఇక్కడ చెప్పేదంతా మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ గురించే.

ముందు మీ వాడకం సంగతి

మీటరు తీసేముందు బండి ఎప్పుడు దిగిపోతోందో గుర్తు తెచ్చుకోండి. రోజూ నడుపుతున్నా దిగిపోతుంటే ఛార్జింగ్ మీద అనుమానం. రెండు మూడు రోజులు కదల్చకపోతేనే దిగిపోతుంటే కరెంటు లీకేజీ మీద అనుమానం. జంప్ ఇచ్చి గంటసేపు తిప్పినా, ఆపిన కాసేపటికే మళ్లీ లేవకపోతే బ్యాటరీ మీద, ఛార్జింగ్ మీద రెండింటి మీదా అనుమానమే.

అసలు ఏ తప్పూ లేకుండా కూడా దిగిపోవచ్చు. ఏ కారైనా తాళం వేసి ఉన్నప్పుడు గడియారానికి, రిమోట్ లాక్‌కు, లోపలి కంప్యూటర్లకు కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అది 40 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడినంత. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి మూడు వారాల్లో సగానికి పైగా ఖర్చయిపోతుంది. పిల్లల దగ్గరికని బెంగళూరు వెళ్లి నెలకు తిరిగొచ్చి, "మంచి బ్యాటరీ ఎట్లా పోయింది" అని ఆశ్చర్యపోతే లాభం లేదు. అన్నాళ్లు ఊళ్లో ఉండనప్పుడు నెగటివ్ టెర్మినల్, అంటే బ్యాటరీ మైనస్ తలకు బిగించిన వైరు కొస, ఊడదీసి వెళ్లడమే మేలు. మన అనంతపురంలో సాయినగర్ నుంచి టవర్ క్లాక్ దాకా వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడానికే కారు తీసేవాళ్లదీ ఇదే పరిస్థితి. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన కరెంటు తిరిగి ఎక్కేలోపే బండి ఇంటికొచ్చేస్తుంది. వారానికోసారి గుత్తి వైపో ధర్మవరం వైపో అరగంట, ముప్పావు గంట ఆగకుండా నడిపితే ఆ లోటు తీరుతుంది.

టెర్మినళ్లు

బానెట్ ఎత్తండి. బ్యాటరీ తలల మీద తెల్లగానో, నీలం ఆకుపచ్చ కలిసిన రంగులోనో పొడి పేరుకుందా? టెర్మినల్‌ను చేత్తో తిప్పితే కదులుతోందా? రెండింట్లో ఏది ఉన్నా మిగతా పరీక్షలకు ముందు దీన్ని సరిచేయాలి. పట్టు సరిగ్గా లేకపోతే మీటరు చూపే అంకెలన్నీ దొంగలెక్కలే.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్‌ను ముందు విప్పబోతే స్పానర్ రెండో కొస బాడీకి తగిలిందంటే చాలు, నిప్పులు కురుస్తాయి. వేడినీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో రుద్ది, ఆరాక లోపలి లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో గీకి, గట్టిగా బిగించి పైన కాస్త వాజిలిన్ రాయండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. నెగటివ్ కేబుల్ రెండో కొస ఇంజనుకో బాడీకో బిగించి ఉంటుంది. అక్కడి బోల్టు కూడా తుప్పు పట్టిందేమో చూడండి. చాలామంది చూడనిది అదే.

బ్యాటరీకి ఛార్జింగ్ నిలుస్తోందా?

రాత్రంతా కదలకుండా ఉన్న బండికి, పొద్దున తాళం తిప్పకముందు ఈ పరీక్ష చేయాలి. అప్పుడే నడిపి ఆపిన బండిలో కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు పాజిటివ్ మీద, నల్ల వైరు నెగటివ్ మీద ఆనించండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12కు వచ్చిందంటే పావు వంతే మిగిలింది. తక్కువ చూపించిందని అప్పుడే బ్యాటరీని తిట్టొద్దు. ఖాళీ అయిందని మాత్రమే తెలిసింది, ఎందుకు ఖాళీ అయిందో ఇంకా తెలియలేదు.

షాపులో నిండా ఛార్జింగ్ పెట్టించి, రాత్రంతా ఏ వైరూ తగిలించకుండా పక్కన ఉంచండి. పొద్దునకు 12.6 దగ్గరే ఉంటే ఆశ ఉంది. 12.3కో 12.2కో జారితే దానికి నిలవ చేసే శక్తి పోయింది. నిండా పెట్టినా పదిన్నర దగ్గరే ఆగిపోతే ఇక ఆలోచించే పనే లేదు. లోపల ఉండే ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చిపోయినట్టే. ఒక్కో సెల్ దాదాపు 2.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు కొలవాలి. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ సెల్ఫ్ తిరిగేటప్పుడు పది వోల్టులకు అటూ ఇటూగా నిలుస్తుంది. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనమైంది, లేదా సెల్ఫ్ మోటారే ఎక్కువ కరెంటు లాగుతోంది. బ్యాటరీ షాపుల్లో ఉండే లోడ్ టెస్టర్ దీన్ని ఇంకా కచ్చితంగా చెబుతుంది.

మన ఎండల గురించి ఒక మాట. చలికి బ్యాటరీలు పోతాయని ఎక్కడెక్కడో రాస్తుంటారు, మన దగ్గర వాటిని చంపేది వేడి. వేడి పెరిగేకొద్దీ లోపలి రసాయన క్రియలు, తుప్పు వేగం అందుకుంటాయి. బ్యాటరీ సగటు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని లెక్క. మే నెలలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో బండి నిలబెట్టి, ఆపైన ఇంజన్ వేడి కూడా తోడైతే మూడు నాలుగేళ్లకే అది అలసిపోవడం మామూలే. నీళ్లు పోసే రకమైతే వేసవిలో నెలకోసారి మూతలు తీసి చూడండి. ప్లేట్లు పైకి తేలాయంటే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు మాత్రం పోయకండి, మన నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఇంట్లో ఆర్వో నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటర్ కావు.

ఛార్జింగ్ ఎక్కుతోందా?

ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ బ్యాటరీ మీదే వోల్టులు కొలవండి. 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే, ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించే ఆల్టర్నేటర్, మన మెకానిక్‌ల మాటలో డైనమో, పని చేస్తున్నట్టే. ఇప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి చూడండి. 13.5 అటూ ఇటూ నిలిస్తే బాగుంది. పన్నెండున్నరకు జారిపోతే బెల్టు వదులైందేమో, ఆల్టర్నేటర్ వైరు ఊగుతోందేమో చూడాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయి, బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. కొత్త మోడళ్లలో కొన్ని బ్యాటరీ నిండాక కావాలనే వోల్టేజీ తగ్గిస్తాయి. అందుకే లైట్లు, ఏసీ వేయకముందే ఒక్క అంకె చూసి ఆల్టర్నేటర్ పోయిందనుకోవద్దు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత పద్ధతి ఒకటుంది. ఎవరైనా చేస్తామంటే వద్దనండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి కంప్యూటర్లు కాలిపోతే, బ్యాటరీ ధర దాని ముందు చిల్లర.

తాళం వేశాక కరెంటు తాగేదెవరు?

ఓపిక కావలసింది ఇక్కడే. బ్యాటరీ బాగుంది, ఛార్జింగ్ బాగుంది, అయినా రెండు రోజులకు దిగిపోతోందంటే దొంగ బండిలోనే ఉన్నాడు.

బ్యాటరీ నిండుగా ఉండగా మొదలుపెట్టండి. అన్నీ ఆపి, అద్దాలు దించి, తాళం ఇంట్లో దూరంగా పెట్టండి. మల్టీమీటర్ ఎర్ర వైరును 10 ఆంపియర్లు అని రాసి ఉన్న సాకెట్‌కు మార్చి, డయల్‌ను డీసీ ఆంపియర్ల మీద పెట్టండి. నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఎర్ర మొనను ఊడదీసిన కేబుల్‌కు, నల్ల మొనను బ్యాటరీ నెగటివ్ తలకు కలపండి. అంటే కరెంటు మొత్తం మీటరు గుండానే పోవాలి. ఈ స్థితిలో తాళం తిప్పినా, హెడ్‌లైట్ వేసినా మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది, లేకపోతే మీటరే కాలిపోతుంది.

మొదట్లో ఒకటి రెండు ఆంపియర్లు చూపిస్తే హడావిడి పడొద్దు. కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. ఆ తర్వాత 0.05, అంటే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అంతకు మించి నిలబడితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ, అంకె ఎక్కడ పడిపోతుందో చూడాలి. తీసిన ఫ్యూజును మళ్లీ అదే చోట పెట్టడం మరవొద్దు, పెట్టె ఫోటో ముందే తీసుకుంటే టెన్షన్ ఉండదు.

మా వీధిలో ఒకాయన కారుకు ఇలాగే చూస్తే 0.38 దగ్గర ఆగింది. అంటే రోజుకు తొమ్మిది ఆంపియర్ అవర్లు. మూడో రోజుకు లేవకపోవడంలో వింతేముంది? ఫ్యూజులు తీస్తూ పోతే ఒక చిన్న ఫ్యూజు దగ్గర అంకె టక్కున 0.03కు పడిపోయింది. ఆ వైరు వెంట పోతే అద్దం వెనక డ్యాష్‌క్యామ్ తేలింది. బిగించినవాళ్లు దానికి తాళంతో ఆగిపోయే లైను కాకుండా ఎప్పుడూ కరెంటుండే లైను ఇచ్చారు. "అయితే ఇది రాత్రంతా మేలుకొనే ఉంటాదా అన్నా?" అని నవ్వేశాడాయన.

నా లెక్కలో మొదటి అనుమానం ఎప్పుడూ బయట వేయించిన సామాన్ల మీదే: జీపీఎస్ ట్రాకర్, యాంప్లిఫైయర్, పెద్ద స్క్రీన్ స్టీరియో, అదనపు లైట్లు. వాటి తర్వాత డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు. మూత వేశాక వెలుగుతోందో ఆరిందో కనపడదు కాబట్టి ఫోన్ కెమెరాను వీడియోలో పెట్టి లోపల వదిలి మూసి చూడండి. అన్ని ఫ్యూజులు తీసినా అంకె తగ్గకపోతే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), ఆ తర్వాత ఆల్టర్నేటర్ చూడాలి. దానిలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు పాడైతే బండి నిలబెట్టినప్పుడు కరెంటు వెనక్కి కారిపోతుంది. ఆల్టర్నేటర్ వైరు ఊడదీస్తే అంకె పడిపోతుంది. ఆ పని ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

పని అయ్యాక ఎర్ర వైరును వోల్టుల సాకెట్‌కు వెంటనే మార్చండి. మార్చకుండా ఈసారి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే.

ఇవన్నీ చూశాక బ్యాటరీయే పోయిందని తేలితే అప్పుడు షాపుకు వెళ్లండి. పాతదానికి వారంటీ కార్డు ఉంటే తేదీ చూసుకోండి, మీరు రాసుకున్న వోల్టుల అంకెలు కూడా చూపించండి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఇంజన్ ఆగే బండైతే మాటిమాటికీ స్టార్టయ్యే బండ్ల కోసం చేసిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే అడగండి, మామూలుది వేస్తే త్వరగా పోతుంది. పాతదాన్ని షాపువాళ్లే వెనక్కి తీసుకుని ధరలో కొంత తగ్గిస్తారు, ఎంత తగ్గిస్తారో బేరంలోనే అడిగేయండి. కొత్తది బిగించాక అక్కడే ఇంజన్ ఆన్ చేయించి, ఛార్జింగ్ వోల్టేజీ ఒకసారి కొలిచి చూపించమనండి.