పాత ఏసీ కంప్రెసర్‌తో జీపులోనే గాలి

టైర్లకు గాలి కొట్టుకోవడానికి స్క్రాప్ షాపులో దొరికిన కారు ఏసీ కంప్రెసర్‌ని మా జీపు ఇంజిన్‌కి బిగించి బెల్టు వేశాను, గాలి బాగానే వచ్చింది కానీ నాలుగో టైరుకొచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి కీచుమని అరవడం మొదలుపెట్టింది. కారణం నూనె. ఈ రకానికి విడిగా ఆయిల్ సంపు, అంటే అడుగున నూనె నిల్వ ఉండే తొట్టి, ఉండదు, ఏసీలో గ్యాసుతో పాటు తిరిగే నూనే లోపలి భాగాలను తడుపుతుంది, ఇక్కడేమో అది గాలితో పాటు బయటికి పోయి మళ్లీ రాదు. విప్పి కడిగి, గాలి పీల్చే వైపు ఫిల్టర్ తర్వాత నూనె చుక్కచుక్కగా పడే లూబ్రికేటర్ పెట్టాను, బయటికొచ్చే వైపు గాలిలోంచి నూనెను వేరుచేసే ఆయిల్ సెపరేటర్, గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు, ఆ తర్వాత గాలి నిల్వ ఉండే ట్యాంకు. ట్యాంకులో ఒత్తిడి 120 పీఎస్ఐకి చేరగానే ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని బెల్టుతో కలిపే దాని క్లచ్‌ని విడదీస్తుంది, 90కి పడితే మళ్లీ కలుపుతుంది. 150 పీఎస్ఐ దాటితే గాలి బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వు మాత్రం దయచేసి మానకండి, స్విచ్ అతుక్కుపోయిన రోజు ట్యాంకు పేలకుండా ఆపేది అదే.