మనసు జబ్బులు తెలుసుకుందాం – 4వ పాఠం: అనుమానమా, భ్రమా?

కిందటి పాఠంలో మీ ఇంట్లో జబ్బుమనిషి మాటల్ని వారం రోజులు పుస్తకంలో రాయమన్నాను. ఎక్కువమంది పుస్తకాల్లో కనబడింది ఇది: "సోమవారం – పిచ్చిగా మాట్లాడాడు. మంగళవారం – అనుమానం ఎక్కువైంది. బుధవారం – పర్వాలేదు." డాక్టరుకి పనికొచ్చే ముక్క ఇందులో ఒక్కటీ లేదు. ఇవన్నీ మీ తీర్పులు. కావలసింది ఆ మనిషి నోటి మాట. "రాత్రి 11కి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. ఏరియేటర్ (చెరువు నీళ్ళకి గాలి పట్టించే మర) తిరిగినప్పుడల్లా నన్ను తిడుతోంది అన్నాడు" అని రాసి ఉంటే ఆ వారమంతటికీ అదే చాలు. అందుకే మందుల పాఠం వచ్చేసారికి జరిపి, గమనించడం దగ్గరికే మళ్ళీ వస్తున్నాను.

భ్రాంతి, భ్రమ అన్న రెండు పదాలు తారుమారు చేసినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. ఎవరూ లేకుండా గొంతు వినబడితే, మనిషి కనబడితే, వాసన వస్తే భ్రాంతి. ఎవరెన్ని చెప్పినా కదలని నమ్మకం భ్రమ. డాక్టరు దగ్గర ఈ పేర్లు అసలు వాడొద్దు, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇలాంటి భ్రాంతులూ భ్రమలూ వచ్చే స్కిజోఫ్రెనియా అనే జబ్బు అంటే ఒకే మనిషిలో ఇద్దరు ఉండటమని రాసినవాళ్ళు ఆ వాక్యం కొట్టేయండి. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయ్లర్ 'చీలిన మనసు' అన్న అర్థంతో ఈ పేరు పెట్టినప్పుడు చెప్పిన చీలిక ఆలోచనకీ, భావానికీ, చేతకీ మధ్య ఉండాల్సిన పొత్తు తెగడం. ఇద్దరు మనుషులన్న మాటే లేదు.

ఇక అసలు తప్పు. "మావాడు చెప్పింది నిజమే అని తేలిందండీ, కాబట్టి జబ్బు కాదు" అని కొందరు, "అబద్ధం చెబుతున్నాడు కాబట్టి జబ్బే" అని మరికొందరు రాశారు. రెండూ తప్పే. భ్రమని నిజం–అబద్ధం తక్కెడలో తూచకూడదు. ఈ ఒక్క పొరపాటు వల్లే వైద్యం నెలల తరబడి ఆలస్యమవుతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్న ఇద్దరు రైతుల్ని అనుకోండి. ఇద్దరూ అన్నది ఒకే మాట: "పక్కవాడు నా చెరువులో పురుగుమందు కలిపాడు."

మొదటాయనకి పక్కవాడితో గట్టు తగాదా ఉంది. మూడు రోజుల కిందటే మాటామాటా అనుకున్నారు. తెల్లారేసరికి రొయ్య తేలింది. నీళ్ళు సీసాలో పట్టి ల్యాబ్‌కి తీసుకెళ్ళాడు. రాత్రి మబ్బు పట్టి, కరెంటు పోయి, ఏరియేటర్లు ఆగి ఆక్సిజన్ పడిపోయిందన్నారు. గొణుక్కుంటూనే జనరేటర్ బాగు చేయించుకున్నాడు. ఆయన అనుమానం తప్పు, కానీ జబ్బు కాదు.

రెండో ఆయన్ని ఎలా తెలిసిందని అడిగితే, "గట్టు మీద మూడు కొబ్బరి మట్టలు ఒకే వైపు పడున్నాయి, అది నాకు పెట్టిన గుర్తు" అన్నాడు. రొయ్య బాగానే ఉంది. ల్యాబ్ కాగితం చూపిస్తే "ల్యాబ్‌వాణ్ణి కూడా కొనేశారు" అన్నాడు. పది రోజులకి ఇంట్లో కూరలోనూ అదే మందు వాసన. భార్య వడ్డించింది ముట్టడు. తన కత్తితో తనే కొట్టుకున్న బొండాం నీళ్ళు తాగి పడుకుంటున్నాడు.

ఇప్పుడు, పక్కవాడు నిజంగానే ఒక రాత్రి మందు కలిపాడని తర్వాత బయటపడిందనుకోండి. అయినా రెండో ఆయనది భ్రమే. కొబ్బరి మట్టలు చూసి ఆ సంగతి తెలిసే వీలు లేదు. భార్యాభర్తల మధ్య అనుమానంలోనూ ఇంతే. చూడాల్సినవి మూడు: ఎలా తెలిసింది అంటున్నాడు, ఎదురు రుజువు చూపిస్తే దాన్ని ఏం చేశాడు, ఆ నమ్మకం చెరువు దగ్గరే ఆగిందా, వంటింటిదాకా పాకిందా. మూడో ప్రశ్న ఎవరూ రాయరు. నా లెక్కలో అదే ముఖ్యం.

జాతరలో అమ్మవారు పూనడం భ్రమ కాదు. ఊరంతా ఒప్పుకున్న సందర్భంలో వచ్చి, కాసేపటికి దిగిపోయి, మర్నాడు మనిషి మామూలుగా ఊడ్పులకి వెళితే రాయనక్కర్లేదు. జాతర అయిపోయినా దిగకుండా నిద్రా తిండీ మానేస్తే రాయండి.

వాదించి గెలవాలని చూడకండి, అవునని తలూపకండి. "నాకా వాసన రావట్లేదురా. నీకు వస్తోందంటే భయంగానే ఉంటుంది. అన్నం నువ్వే వడ్డించుకో, నేనూ ఇదే గిన్నెలోంచి తింటాను" – ఇలా అనండి. మందు బిళ్ళ కూరలో దొంగచాటుగా కలపొద్దు. ఒక్కసారి దొరికిపోయారంటే విషం కలుపుతున్నారన్న అతని భ్రమకి మీరే రుజువు ఇచ్చినట్టు.

ఇలాంటిదల్లా స్కిజోఫ్రెనియా కాదు. వయసు మళ్ళినవాళ్ళలో ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మొదలైతే ముందు జ్వరం, రక్తంలో సోడియం, షుగరు చూడాలి. రోజూ తాగే మనిషి మానేసిన రెండు మూడు రోజులకి పురుగులు పాకుతున్నాయంటూ వణికితే అది ప్రాణం మీదకొచ్చే స్థితి. భూతవైద్యుడి దగ్గరికి కాదు, ఆసుపత్రికి. గొంతులు "దూకు", "కొట్టు" అని ఆజ్ఞలిస్తుంటే కూడా ఆ పూటే తీసుకెళ్ళాలి. దారి తోచకపోతే మనసు జబ్బులకి సలహా చెప్పే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కి చేయండి. పగలూ రాత్రీ పలుకుతుంది, ఉచితం. స్కిజోఫ్రెనియా అని పేరు పెట్టడానికి లక్షణాలు కనీసం నెల రోజులైనా ఉండాలి.

మందుల పాఠం వెనక్కి పోయినా ఎండల సంగతి ఆగదు. స్కిజోఫ్రెనియాకి ఇచ్చే మందుల్లో చాలావాటికి ఒంటి వేడిని చల్లార్చుకునే శక్తి తగ్గుతుంది. వణుకు తగ్గడానికిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమటనీ తగ్గిస్తుంది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం దాళ్వా గడ్డి మోతకి పంపకండి. తీవ్రమైన జ్వరంతో ఒళ్ళు కర్రలా బిగుసుకుని మాట తడబడితే వడదెబ్బే కదా అని ఇంట్లో ఉంచొద్దు. మందు చీటీతో సహా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈసారి పని కష్టమే. 14 రోజులు, రోజూ రాత్రి ఒకే వేళకి నాలుగు వరుసలు. అతని నోటి మాట ఒకటి, అక్షరం మార్చకుండా. ఎన్ని గంటలు పడుకున్నాడు. ఎవరి చేతి తిండి తిన్నాడు. స్ట్రిప్‌లో ఎన్ని బిళ్ళలు మిగిలాయి – "వేసుకున్నాను" అన్న మాట కాదు, లెక్క. "పిచ్చి", "మొండి", "నాటకం", "పర్వాలేదు" అన్న పదాలు ఎక్కడ పడినా ఆ రోజు రాత చింపేసి మళ్ళీ రాయండి. పుస్తకం అతనికి కనబడకుండా దాచొద్దు. అడిగితే చూపించండి, ఏం రాయాలో అతన్నీ అడగండి.