నష్టాల పద్దు – 4వ పాఠం: వడ్డీని మరచిన లెక్కలు

మీ నిర్ణయం వల్ల వచ్చిన ఒక నష్టాన్ని పుస్తకంలో రాయమని గత పాఠంలో కోరితే, చాలామంది బావమరిది మీదా, కమీషన్‌దారు మీదా ఫిర్యాదులు రాసి పంపారు. ఎవరిని నిందించాలన్నది పద్దులో చేరదని ముందే చెప్పకపోవడం నా పొరపాటు. ఇకపై ప్రతి పద్దూ "నేను ఫలానా తేదీన, ఫలానా ధర పలుకుతున్నా అమ్మకుండా ఆగాను" అన్న తీరులో ఉండాలి.

అంతకంటె నన్ను విసిగించినది వడ్డీ. విజయవాడ వన్‌టౌన్‌లో దుకాణం నడిపే పాఠకులొకరు దసరాకు తెచ్చిన చీరలను సంక్రాంతి తరువాత కొన్న ధరకే వదిలించుకుని, "నష్టం లేదు" అని రాశారు. సరుకు అప్పు మీద తెచ్చినదే. వడ్డీ ఎంతని అడిగితే "రెండే" అన్నారు.

ఆ "రెండు" నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే 12 శాతం ఏడాది లెక్క కాబట్టి, మన వాడుకలో అది రూపాయి వడ్డీ. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి "పన్నెండు కంటె రెండు తక్కువ" అనుకునే చదువుకున్నవారిని నేను గుంటూరులోనే చూశాను. ఇలాంటి అప్పుకు రాసే ప్రామిసరీ నోటుపై దావాకు గడువు మూడేళ్లు కనుక, ఆలోగా నోటు తిరగరాస్తారు. అప్పుడు బకాయి వడ్డీ అసలులో కలుస్తుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 4 లక్షలపై 36 నెలల్లో 2,88,000 అవుతుంది, కొత్త నోటు 6,88,000కు పడుతుంది, అక్కడి నుండి నెల వడ్డీ 8,000 కాక 13,760.

నా పద్దే చూడండి. క్వింటాలు 20,000 చొప్పున తేజ రకం మిర్చి 50 టిక్కీలు (బస్తాలు), అంటే 20 క్వింటాళ్లు, అదే రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. ధర పడింది. "అసలు వచ్చేదాకా కదిలించను" అని ఎనిమిది నెలలు ఆగి, చివరకు 19,000కు అమ్మాను. పోయినది 20,000 అని ఇంట్లో చెప్పాను. దానికి వడ్డీ 64,000, అద్దె 10,000 కలిపితే 94,000. నాలుగో నెలలో 18,500 పలికింది. అప్పుడే అమ్మి ఉంటే, అద్దె పూర్తిగా కట్టినా, 72,000 నష్టంతో బయటపడేవాడిని. ఎండు సరుకులో తగ్గిన తూకం ఇందులో వేయలేదు. సొంత డబ్బు పెట్టినవారు బ్యాంకు డిపాజిట్ వడ్డీనైనా వేయాలి. నేనైతే రూపాయి వడ్డీ వేస్తాను.

అభ్యాసం: గత అయిదేళ్లలోని మూడు నష్టాలను నెలనెలా వడ్డీ వేసి తిరిగి రాయండి. ఏ నెలలో అమ్మితే తక్కువ పోయేదో ఆ నెల కింద గీత గీయండి. తరువాత ఆ పుటను, నష్టం తగ్గించి చెప్పినప్పుడు ఎదుట ఉన్న ఇంటి మనిషికే ఇచ్చి చదివించండి.